క్రిస్మస్ సెలవుల్లో చెన్నై నుంచి ఒక్కరోజు: శాంథోమా, పులికాటా, పుదుచ్చేరా?

ఏటా డిసెంబరు రెండో వారంలో నెల్లూరు నుంచి మా పిన్ని ఫోన్ చేస్తుంది. "అబ్బయా, పిల్లకాయలకి సెలవలిస్తా ఉండారు. ఒకరోజు ఎక్కడికన్నా తిప్పు." ఫోన్ పెట్టీ పెట్టగానే ఇంట్లో పంచాయితీ మొదలు. పిల్లలకి సముద్రం కావాలి. మా ఆవిడకి పుదుచ్చేరి మీద మనసు. బాబాయి రిటైర్డ్ టీచరు, పాత రాళ్ళూ శాసనాలూ ఉంటే చాలు, తిండి కూడా అడగరు. పిన్నికి మోకాళ్ళ నొప్పులు. నేను పెరంబూరులో కాపురం పెట్టినప్పటి నుంచీ ఈ ఒక్కరోజును రకరకాలుగా తిప్పి చూశాను. పాత చర్చిలు, స్మారకాలు, సముద్రపు ఒడ్డు ఊళ్ళు మూడూ చెన్నై చుట్టూనే ఉన్నాయి. ఒక్కరోజులో అన్నీ కుదరవు కాబట్టి, ఏది ఎవరికి కుదురుతుందో తెలిసినంతలో చెప్తాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

అందరూ మొదట దూరం అడుగుతారు. నేనైతే ముందు మనుషుల్ని చూడమంటాను. మీ గుంపులో అందరికంటే తక్కువ నడవగలిగేది ఎవరు? ఆ మనిషికి సరిపోయే దారే మిగతావాళ్ళకీ హాయిగా ఉంటుంది. పరంగిమలైకి, అంటే సెయింట్ థామస్ మౌంట్ కొండకి, మొదటిసారి వెళ్ళినప్పుడు నేను ఇది ఆలోచించలేదు. నూట ముప్ఫైకి పైగా మెట్లు పిన్ని చేత ఎక్కించాను. దారి పొడవునా సిలువ యాత్ర ఘట్టాలున్నాయి. ఒక్కో ఘట్టం దగ్గరా ఆమె కూర్చుని మోకాలు రుద్దుకుంటూ పైకి వచ్చింది. తీరా పైకి చేరాక చూస్తే అక్కడ కార్లు ఆగి ఉన్నాయి. వెనక నుంచి కొండ మీదికి చక్కటి రోడ్డు ఉంది. ముందే కనుక్కోనందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రెండోది, తలుపులు తెరిచి ఉండే వేళలు. చాలా చర్చిలు మధ్యాహ్నం మూసేసి, మళ్ళీ సాయంత్రం తెరుస్తాయి. పురావస్తు శాఖ చేతిలో ఉన్న కోటలు, సమాధి తోటలు సాయంత్రం చీకటి పడకముందే మూస్తారు. డిసెంబరులో మనకి ఆరు కాకుండానే పొద్దు గూకుతుంది. అంటే మీ దగ్గరున్నది నిజానికి పొద్దున ఏడు నుంచి పన్నెండు దాకా, మళ్ళీ మూడున్నర నుంచి ఐదున్నర దాకా. మధ్యలో సమయం భోజనానికీ ప్రయాణానికీ వాడుకోవాలి.

మూడోది వాన. హైదరాబాదు వాళ్ళు డిసెంబరు అంటే చలి అనుకుంటారు. చెన్నైలో చలి పెద్దగా ఉండదు, పొద్దున ఇరవై, ఇరవై ఒకటి డిగ్రీలుంటే అదే చలి. ఇక్కడ భయం ఈశాన్య రుతుపవనాలతో. 2015 డిసెంబరు మొదట్లో ఊరు మునిగింది. 2016 డిసెంబరు 12న వర్ధా తుఫాను చెట్లన్నీ కూల్చింది. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ వచ్చింది. 2024 నవంబరు 30న ఫెంజల్ పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. అందుకే డిసెంబరు 15 లోపు దూరపు ప్లాను వేయను. క్రిస్మస్ దగ్గర నుంచి ఫిబ్రవరి చివరి దాకా వాతావరణం బావుంటుంది.

ఇక తేదీలు. డిసెంబరు 24 రాత్రి, 25, జనవరి 1 రోజుల్లో శాంథోమ్, బెసెంట్ నగర్ వేళాంగణ్ణి మాత చర్చిల దగ్గర కాలు పెట్టే చోటుండదు. ప్రార్థనకి వెళ్ళేవాళ్ళ రోజులవి, చూడ్డానికి వెళ్ళేవాళ్ళు వేరే రోజు పెట్టుకోవడం మర్యాద కూడా. డిసెంబరు 5న జయలలిత వర్ధంతి, 24న ఎంజీఆర్ వర్ధంతి, ఆ రోజుల్లో మెరీనా సమాధుల వైపు రోడ్డంతా జనం. మనవాళ్ళు తరచూ పొరపాటు పడేది ఇంకొకటుంది. తమిళుల కాణుం పొంగల్, మన కనుమ ఒకటి కావు. మన కనుమ రోజు ఇక్కడ మాట్టు పొంగల్. కాణుం పొంగల్ ఆ మర్నాడు, అంటే మన ముక్కనుమ నాడు. ఆ రోజు మెరీనా, మహాబలిపురం వైపు ఊరు ఊరంతా కదిలి వస్తుంది, పోలీసులు నీళ్ళలోకి దిగనివ్వరు. పండక్కి వచ్చిన చుట్టాల్ని ఆ రోజు బీచ్‌కి మాత్రం తీసుకెళ్ళకండి.

## ఒక్క చూపులో

| దారి | సెంట్రల్ నుంచి ఒకవైపు దూరం | నడక, మెట్లు | వాన పడితే | ఎవరికి బాగా సరిపోతుంది |
|---|---|---|---|---|
| మైలాపూర్, శాంథోమ్, పరంగిమలై | 6 నుంచి 15 కి.మీ. | తక్కువ, కొండకి కారు దారి ఉంది | ఇబ్బంది లేదు | పెద్దవాళ్ళు, మొదటిసారి వచ్చినవాళ్ళు |
| సెయింట్ జార్జి కోట, ఆర్మీనియన్ వీధి, కర్క్ చర్చి | 1 నుంచి 3 కి.మీ. | ఓ మోస్తరు | ఇబ్బంది లేదు | సగం రోజే ఉన్నవాళ్ళు |
| నందంబాక్కం, శ్రీపెరుంబుదూరు | 15, 40 కి.మీ. | సమతలం | అంతా ఆరుబయటే | నిదానంగా చూసేవాళ్ళు |
| పులికాట్ | 55 నుంచి 60 కి.మీ. | ఎండలో నడక ఉంది | మానుకోవడం మంచిది | చరిత్ర, పక్షులు ఇష్టమున్నవాళ్ళు |
| కోవళం, మహాబలిపురం, సద్రాస్ | 40 నుంచి 75 కి.మీ. | ఎక్కువ | సగం దెబ్బ తింటుంది | పిల్లలున్న కుటుంబాలు |
| పుదుచ్చేరి | 150 కి.మీ. పైనే | ఓ మోస్తరు | రోజంతా పోయినట్టే | కుర్రవాళ్ళు, జంటలు |

## ఊళ్ళోనే: మైలాపూర్ నుంచి పరంగిమలై దాకా

చెన్నై చూడని చుట్టాలు వస్తే నేను ముందు చెప్పేది ఇదే. దూరం తక్కువ కదా అని దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, ఇన్ని వందల ఏళ్ళ కథ ఇంత దగ్గర దగ్గరగా ఉన్న దారి ఇంకొకటి లేదు.

యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన తోమా ఈ తీరానికి వచ్చాడని, క్రీ.శ. 72లో పరంగిమలై మీద చంపబడ్డాడని, శాంథోమ్‌లో సమాధి అయ్యాడని ఇక్కడి క్రైస్తవుల విశ్వాసం. ఆ విశ్వాసం చుట్టూనే మూడు చోట్లు ఉన్నాయి. సైదాపేట దగ్గర చిన్నమలై, అక్కడ ఆయన దాక్కున్నాడంటారు, గుహ ఉంది. ఆయన్ని చంపిన చోటు పెద్దమలై, అదే పరంగిమలై. పాతిపెట్టిన చోటు శాంథోమ్. పరంగి అంటే తెల్లవాళ్ళని మన పాత తెలుగులోనూ అన్నాం కదా, ఆ మాటే. పోర్చుగీసువాళ్ళ కొండ అది.

శాంథోమ్‌లో పోర్చుగీసువాళ్ళు పదహారో శతాబ్దంలో చర్చి కట్టారు. ఇప్పుడు మనం చూసే తెల్లటి గోపురం ఇంగ్లీషువాళ్ళ కాలంలో తిరిగి కట్టింది, 1896లో ప్రతిష్ఠ జరిగింది. లోపల పెద్ద హాలు చూసి వచ్చేస్తారు చాలామంది. కింద సమాధి గది ఉంది, దానికి దారి బయట వెనక వైపు నుంచి. అక్కడ మాట్లాడకుండా పది నిమిషాలు కూర్చోండి. పైన ఎంత సందడి ఉన్నా కింద ఆ చిన్న గదిలో ఎవరూ గొంతు పెంచరు. ఏ మతం వాళ్ళయినా వస్తారు. నా పక్కన ఓసారి మెళ్ళో తులసి పూసలున్న ముసలావిడ చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంది. బయటికి వచ్చి వెనక్కి నడిస్తే సముద్రం.

శాంథోమ్ నుంచి ఆటోలో కాసేపట్లో లజ్ చర్చి చేరొచ్చు. తమిళంలో కాట్టు కోవిల్ అంటారు, ఒకప్పుడు చుట్టూ అడవి ఉండేది కాబట్టి. అక్కడి రాతి మీద 1516 అని ఉంది. చిన్న చర్చి, నీలం రంగు కలిసిన లోపలి కప్పు, ఎక్కువ సమయం పట్టదు.

లజ్ దాకా వెళ్ళిన తెలుగువాళ్ళు ఇంకో చోటు చూడకుండా వెనక్కి రావద్దని నా మనవి. రాయపేట హైరోడ్డు మీద, మైలాపూర్‌లో, అమరజీవి పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952 అక్టోబరు 19న బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో ఆయన నిరాహార దీక్ష మొదలుపెట్టింది ఇక్కడే. 58 రోజులకి, డిసెంబరు 15 రాత్రి ఇక్కడే కన్నుమూశారు. మరుసటి ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రోడ్డు మీద వెళ్తూ ఉంటే దాటిపోయేంత మామూలుగా ఉంటుంది ఆ భవనం. బాబాయి గేటు ముందు చెప్పులు విడిచారు. అక్కడ అలా చేయాలని ఎవరూ చెప్పలేదు. నెల్లూరు జిల్లాకి ఆయన పేరు పెట్టుకున్నవాళ్ళం, ఆయన పోయిన గది చూడకపోతే ఎలా అన్నారు. డిసెంబరు 15 దగ్గర్లో వచ్చేవాళ్ళయితే ఈ దారే ఎంచుకోండి.

మధ్యాహ్నం మైలాపూర్‌లోనే భోజనం చేసి, ఎండ తగ్గాక పరంగిమలైకి వెళ్ళండి. ఎత్తు మూడు వందల అడుగులు. పైన చర్చిని పోర్చుగీసువాళ్ళు 1523లో కట్టారు. 1547లో పునాదులు తవ్వుతుంటే దొరికిన రాతి సిలువ పూజావేదిక మీద ఉంది, దాని చుట్టూ చెక్కిన అక్షరాలు పహ్లవి లిపి, పాత పర్షియా భాష. ఈ సిలువకి చెమట పట్టేదని భక్తులు చెప్పుకుంటారు. డిసెంబరు 18న ఇక్కడ మాత పండగ. లోపల చూశాక బయటికి వచ్చి గోడ దగ్గర నిలబడితే, కింద విమానాశ్రయం రన్‌వే బారుగా కనిపిస్తుంది. పిల్లలకి ఈ ఒక్కటి చాలు, దిగి వచ్చే విమానాల్ని లెక్కపెడుతూ గంటసేపు ఉంటారు. భారతదేశాన్ని మొత్తం కొలిచిన త్రికోణమితి సర్వేకి 1802లో విలియం లాంబ్టన్ మొదటి ఆధార రేఖ కొలిచింది కూడా ఈ కొండ దగ్గరే. పైన ఆయన విగ్రహం ఉంది.

మెట్రోలో వెళ్ళేవాళ్ళకి చిన్నమలై దగ్గర లిటిల్ మౌంట్ స్టేషన్ ఉంది, అక్కడి నుంచి ఆలందూరులో మారితే ఒక్క స్టాపులో సెయింట్ థామస్ మౌంట్. స్టేషన్ నుంచి కొండ దాకా ఆటో మాట్లాడుకోండి. "పైదాకా రావాలి" అని ముందే చెప్పండి, లేకపోతే మెట్ల దగ్గర దింపేస్తారు.

## కోట, ఆర్మీనియన్ వీధి

సగం రోజే ఖాళీ ఉంటే సెయింట్ జార్జి కోట సరిపోతుంది. 1639లో ఇంగ్లీషువాళ్ళకి ఈ నేల ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. మనవాళ్ళ చేతుల మీదుగా మొదలైన కథ కాబట్టి, పిల్లలకి ఇక్కడి నుంచే చెప్పడం నాకిష్టం. కోటలో సెయింట్ మేరీస్ చర్చి 1680లో తయారైంది. ఫిరంగి గుండు పడినా తట్టుకోవాలని కప్పుని మందమైన కమానులా కట్టారు. రాబర్ట్ క్లైవ్ పెళ్ళి 1753లో ఇక్కడే జరిగింది. చర్చి బయట నేలకి పరిచినవి సమాధి రాళ్ళు, వాటి మీద లాటిన్, పోర్చుగీసు, ఆర్మీనియన్ అక్షరాలు కనిపిస్తాయి. సచివాలయం ఉన్న కోట కాబట్టి అసలు గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు.

అక్కడి నుంచి ఆర్మీనియన్ వీధిలో 1772లో తిరిగి కట్టిన చర్చి దగ్గరే. మొదటి ఆర్మీనియన్ పత్రికని 1794లో అచ్చువేసింది మద్రాసులోనే, దాన్ని నడిపిన షమావోనియన్ ఈ ఆవరణలోనే సమాధి అయ్యాడు. ఎగ్మూరులో 1821 నాటి సెయింట్ ఆండ్రూస్ కర్క్ కూడా కలుపుకోవచ్చు. గుండ్రటి హాలు మీద నీలం గుమ్మటం, మెత్తటి నేల కాబట్టి పునాదికి బావులు తవ్వి కట్టారు.

## సైనికుల సమాధులు, శ్రీపెరుంబుదూరు

స్మారకాలు అనగానే అందరూ మెరీనా అంటారు. అన్నాదురై, ఎంజీఆర్, కరుణానిధి, జయలలిత సమాధులు వరుసగా ఉన్నాయి, పిల్లలకి చూపించాల్సిందే. నేను మాత్రం వెళ్ళిన ప్రతిసారీ మాటలు తగ్గిపోయి వచ్చేది నందంబాక్కం వార్ సెమెటరీ నుంచి. రెండో ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళవి 850కి పైగా సమాధులు ఇక్కడున్నాయి. కత్తిరించిన పచ్చిక మధ్య ఒకే ఎత్తు రాళ్ళు వరుసలుగా ఉంటాయి. ఒక్కో రాయి మీద దళం గుర్తు, పేరు, తేదీ, వయసు. కొన్నింటి అడుగున ఇంటివాళ్ళు రాయించుకున్న ఒక్క వాక్యం ఉంటుంది. వంగి చదవాలి. పంతొమ్మిది, ఇరవై, ఇరవై రెండు అని వయసులు కనిపిస్తూ ఉంటే ఇంటర్ చదివే మా అబ్బాయి ఓ వరుస చదివి, రెండో వరుసకి రానన్నాడు. ఏడెనిమిదేళ్ళ పిల్లల్ని ఇక్కడ పరిగెత్తనివ్వకూడదు, కాబట్టి వాళ్ళతో వద్దు. పరంగిమలైకి ఇది బాగా దగ్గర, సాయంత్రం రెండూ కలపొచ్చు.

శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ స్మారకం బెంగళూరు హైవే మీద. 1991 మే 21న హత్య జరిగిన చోట కట్టి, 2003లో తెరిచారు. ఏడు రాతి స్తంభాలు, ధర్మం, సత్యం, న్యాయం, విజ్ఞానం, త్యాగం, శాంతి, సమృద్ధి అని ఒక్కోదానికీ పేరు. రామానుజుల వారు పుట్టిన ఊరు కూడా ఇదే, గుడి అక్కడే ఉంది. దీని కోసమే ప్రత్యేకంగా లారీల రద్దీలో పడి వెళ్ళమనను. కాంచీపురం వెళ్తూ ఆగితే బావుంటుంది.

## పులికాట్: నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి

తెలుగువాళ్ళకి పులికాట్ అంటే సరస్సు, సూళ్ళూరుపేట, రాజహంసలు. సరస్సులో ఎక్కువ భాగం మన ఆంధ్రలోనే ఉంది. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. దక్షిణపు కొసన, తమిళనాడులో, పళవేర్కాడు అనే ఊరు ఉంది. సరస్సుకి పేరు తెచ్చిన ఊరు ఇదే. మన ఇళ్ళలో పులికాట్ లుంగీ అంటామే, ఆ పేరూ ఇక్కడిదే. బాబాయి జీవితమంతా ఆ లుంగీలే కట్టారు. ఊరి పొలిమేర బోర్డు దగ్గర కారు ఆపించి కాసేపు చూస్తూ ఉండిపోయారు.

డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దం మొదట్లో వచ్చి, చంద్రగిరి రాయల ఏలుబడిలో ఉన్న ఈ రేవులో స్థిరపడి, 1613లో గెల్డ్రియా కోట కట్టారు. కోరమాండల్ తీరంలో వాళ్ళ వ్యాపారానికి 1690 దాకా ఇదే రాజధాని. ఇక్కడి బట్ట తీసుకుపోయి, తూర్పు దీవుల్లో ఇచ్చి, సుగంధ ద్రవ్యాలు కొనేవాళ్ళు. ఇక్కడే తుపాకి మందూ తయారుచేశారు. కరువు రోజుల్లో మనుషుల్ని కొని ఓడల్లో బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి పంపారు. ఈ మాట పిల్లలకి చెప్పకుండా దాటెయ్యకండి. కోట ఇప్పుడు లేదు, ముళ్ళచెట్లు పెరిగిన దిబ్బ, కందకం ఆనవాలు మిగిలాయి. కోట చూస్తామని వచ్చేవాళ్ళకి నిరాశే.

చూడాల్సింది డచ్చి సమాధి తోట. పురావస్తు శాఖ కాపాడుతోంది. గేటుకి రెండువైపులా రాతిలో చెక్కిన రెండు అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. వచ్చిన ప్రతివాడినీ ముందు అవే పలకరిస్తాయి. లోపల పెద్ద పెద్ద నల్లరాతి పలకలు. అంచుల చుట్టూ పూలతీగలు, మధ్యలో వంశ చిహ్నాలు, కింద డచ్చి భాషలో వరుసలు. మన గుళ్ళలో స్తంభాల మీద చూసే తీగల పనే ఆ అంచుల్లోనూ కనిపిస్తుంది. నేను రెండు గజాల దూరం నుంచి ఫోటో తీసుకుని కదలబోతుంటే, బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని ఒక అక్షరం గాడిలో చూపుడు వేలు పెట్టి నెమ్మదిగా జరిపారు. "నాలుగు వందల ఏళ్ళవుతోంది, అంచు ఇంకా పదునుగానే ఉంది చూడు" అన్నారు. చెయ్యి పెట్టి చూశాను. నిజమే, గోరు ఆగుతోంది.

పిన్ని ఆ లోపల గోడ నీడన వల బాగు చేసుకుంటున్న ఆవిడతో మాట కలిపింది. తమిళంలో మొదలై ఎప్పుడు తెలుగులోకి మారిందో ఇద్దరూ గమనించలేదు. సరిహద్దు ఊళ్ళలో రెండు భాషలూ ఇలాగే కలిసిపోయి ఉంటాయి.

ఊళ్ళో మహిమై మాత చర్చి ఉంది, 1515 నాటి నుంచీ ఉన్న చర్చి అని చెప్తారు, కట్టడం మాత్రం కొత్తది. ఆదినారాయణ పెరుమాళ్ గుడి కూడా చూడండి. తర్వాత సరస్సు ఒడ్డు.

ఇక్కడ పడవల గురించి గట్టిగా చెప్పాలి. 2011 డిసెంబరు 25న ఈ నీళ్ళలోనే పడవ మునిగి 22 మంది పోయారు. సెలవు రోజు, కుటుంబాలతో వచ్చినవాళ్ళు. ఒడ్డున ఎవరైనా "రండి సార్, తిప్పి తీసుకొస్తా" అంటే, లైఫ్ జాకెట్ లేకుండా, జనాన్ని కుక్కిన పడవలో ఒక్క అడుగు కూడా పెట్టకండి. పిల్లలు ఏడ్చినా సరే. పక్షుల కోసమైతే పడవ అక్కర్లేదు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సు మధ్య నుంచే పోతుంది, జనవరిలో అటూ ఇటూ రాజహంసలు బారులు తీరి ఉంటాయి. కానీ పళవేర్కాడు, ఆ రోడ్డు రెండూ ఒకే రోజు పెట్టుకుంటే రెండూ హడావుడి అవుతాయి. నెల్లూరు నుంచి వచ్చేవాళ్ళు పక్షుల్ని తిరుగు ప్రయాణంలో చూసుకోవడం తెలివైన పని.

కారు లేకపోతే గుమ్మిడిపూండి వైపు వెళ్ళే సబర్బన్ రైల్లో పొన్నేరి దాకా వెళ్ళి, అక్కడి నుంచి బస్సు. చేప, రొయ్య తినేవాళ్ళకి భోజనానికి లోటు లేదు. శాకాహారులు పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళండి. బాత్రూం పొన్నేరిలోనే చూసుకోవడం మంచిది, ముఖ్యంగా ఆడవాళ్ళు. తొమ్మిదికల్లా సమాధి తోటలో ఉంటే పదకొండున్నరకి ఎండ ముదరకముందే అన్నీ అవుతాయి.

## ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద: కోవళం, మహాబలిపురం, సద్రాస్

పిల్లలున్న ఇంటికి ఇది అన్నిటికంటే తేలిక. కోవళంలో కార్మెల్ మాత చర్చి సముద్రానికి దగ్గర్లోనే, బీచ్ 2021లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందింది, శుభ్రంగా ఉంటుంది. మహాబలిపురం గురించి మనవాళ్ళకి కొత్తగా చెప్పేదేమీ లేదు, 1984 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. సెలవుల్లో అక్కడ నిలబడ్డానికే చోటుండదు.

నేను చెప్పదలుచుకున్నది ఇంకాస్త ముందుకెళ్తే కల్పాక్కం పక్కన వచ్చే సద్రాస్ గురించి. తమిళంలో సదురంగపట్టినం. సముద్రానికి ఎదురుగా డచ్చివాళ్ళ ఇటుక కోట, లోపల గిడ్డంగులు, ఓ మూల వాళ్ళ సమాధులు. సమాధుల గేటుకి తాళం ఉంటే కాపలా మనిషిని అడగండి. 1782 ఫిబ్రవరిలో ఫ్రెంచి, ఇంగ్లీషు నౌకాదళాలు ఈ తీరానికి ఎదురుగానే పోట్లాడుకున్నాయి. మహాబలిపురంలో వెయ్యి మంది ఉన్న రోజు కూడా ఇక్కడ పదిమంది ఉండరు. పులికాట్‌కి వెళ్ళలేనివాళ్ళకి, అదే కాలం, అదే రకం సమాధులు, రోడ్డు మాత్రం చాలా మేలు.

రాళ్ళ చెక్కడం పనితనంలో పులికాట్‌దే పైచేయి. కోట చూడాలంటే సద్రాస్. పిల్లలు నీళ్ళు కావాలని గోల చేసేవాళ్ళయితే ఇక ఆలోచించకండి, ఈసీఆరే. అయితే డిసెంబరులో అలలు మహా ఉధృతంగా ఉంటాయి. కాళ్ళు తడుపుకోవడంతో ఆపేయండి.

## పుదుచ్చేరి: ఒక్కరోజులో వద్దంటే వినరు కాబట్టి

మూడేళ్ళ కిందట ఎనిమిదింటికి బయల్దేరాం. మధ్యలో టిఫిను, రెండు చోట్ల ట్రాఫిక్. చేరేసరికి పన్నెండున్నర. మిషన్ వీధిలో పెద్ద చర్చి మూసి ఉంది, దూమా వీధిలో మాత చర్చి మూసి ఉంది. బీచ్ రోడ్డు మీద నీడ లేదు. పిల్లలకి తలనొప్పి, పిన్ని కార్లోనే పడుకుంది. నాలుగింటికి తలుపులు తీశాక గబగబా చూసి, ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. అంత అందమైన ఊరిని ఆ రోజు మేము నిజంగా చూడలేదు.

ఒక్కరోజులోనే చూడాలనుకుంటే తెల్లవారుజామున నాలుగున్నరకి కదలండి. ఎనిమిది లోపు చేరితే, 1791లో కట్టిన అమలోద్భవ మాత చర్చి, 1855 నాటి దేవదూతల మాత చర్చి, స్టేషన్ దగ్గర రంగు అద్దాలున్న 1907 నాటి పవిత్ర హృదయ చర్చి మూడూ పొద్దునే అయిపోతాయి. దేవదూతల మాత చర్చి ఎదురుగా జోన్ ఆఫ్ ఆర్క్ విగ్రహం. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళ ఫ్రెంచి స్మారకం, గాంధీ విగ్రహం బీచ్ రోడ్డు మీదే, రోజూ సాయంత్రం ఆరు నుంచి ఆ రోడ్డు మీద బళ్ళు రానివ్వరు, నడవడానికి హాయి. మన యానాం ఈ పుదుచ్చేరిలో భాగమే కాబట్టి ప్రభుత్వ బోర్డుల మీద తెలుగు కూడా అక్కడక్కడా కనిపిస్తుంది, పిల్లల చేత వెతికించండి.

పెళ్ళయిన కొత్త జంటకి, నలుగురు స్నేహితులకి, డ్రైవింగ్ పంచుకునేవాళ్ళు ఉంటే, పుదుచ్చేరి బాగుంటుంది. డెబ్భై దాటినవాళ్ళు, ఐదేళ్ళ లోపు పిల్లలు ఉంటే ఒక రాత్రి ఉండేలా వెళ్ళండి, లేదా మానేయండి.

తరంగంబాడి, వేళాంగణ్ణి గురించి కూడా అడుగుతారు. తరంగంబాడిలో 1620 నాటి డేనిష్ కోట, 1718 నాటి చర్చి ఉన్నాయి. అక్కడికి వచ్చిన మిషనరీ బెంజమిన్ షుల్ట్జే తర్వాత మద్రాసులో తెలుగు నేర్చుకుని, జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. మనం చూడాల్సిన ఊరే. కానీ పోను రాను 550 కి.మీ. పైనే, ఒక్కరోజు లెక్కలోకి రాదు.

## నన్నడిగితే

ఇంట్లో డెబ్భై దాటినవాళ్ళు ఉంటే ఊళ్ళోని దారి, అనుమానం లేదు. పదేళ్ళ లోపు పిల్లలు ఎక్కువమంది ఉంటే కోవళం, మహాబలిపురం, ఓపిక ఉంటే సద్రాస్. పుస్తకాలు చదివేవాళ్ళు, నెమ్మదిగా చూసేవాళ్ళు ఇద్దరు ముగ్గురే అయితే పులికాట్, అదీ జనవరిలో. ఒక్క పూటే ఉంటే కోట. ఇద్దరిదీ వేరే వేరే ఇష్టం అయితే బెసెంట్ నగర్ వెళ్ళండి. వేళాంగణ్ణి మాత చర్చి, బీచ్ పక్కపక్కనే. ఇసుకలో ఉన్న తెల్లటి కమాను కట్టడాన్ని అందరూ ఫోటోలకి వాడుకుంటారు. అది 1930 డిసెంబరు 30న మునిగిపోతున్నవాళ్ళని కాపాడబోయి చనిపోయిన ష్మిట్ అనే డెన్మార్క్ మనిషి జ్ఞాపకార్థం కట్టింది. రాతి మీద రాసి ఉంటుంది, చదివి ఫోటో తీసుకోండి.

ఈ ఏడు పిన్ని ఫోన్ వచ్చేసింది. పొద్దున పొట్టి శ్రీరాములు గారి ఇల్లు, లజ్, శాంథోమ్, మైలాపూర్‌లో భోజనం, నాలుగింటికి పరంగిమలై అని చెప్పాను. కొండ పేరు వినగానే అటు నుంచి మాట లేదు. "కారు పైదాకా పోతుంది పిన్నీ, ఈసారి ఒక్క మెట్టూ లేదు" అన్నాను. "అయితే సరే అబ్బయా, ఆ ఇమానాలు మళ్ళీ చూడాల" అంది.